కర్నూలు నుంచి నొక్కిన మీట

రెండువేల ఏడులో రాజంపేటలో మా కుటుంబానికి కిరాణా టోకు అంగడి ఉండేది. బేరాలు మా మరిదివి, లెక్కలు నావి. బిల్లులన్నీ సర్వర్ అనే పెద్ద కంప్యూటరులో ఉండేవి. దానికి తెర ఉందిగానీ సొంత కీబోర్డు లేదు. అది ఆగినప్పుడల్లా ఇంజనీరమ్మ కర్నూలు నుంచి బస్సులో రావాల్సిందే. ఆ వేసవిలో ఆమెకు కాన్పయింది. చంటిబిడ్డతో అంత దూరం తిరగలేక, సర్వరును ఇంటి నుంచే నడిపించగల కార్డు ఒకటి తెచ్చి బిగించింది.

కార్డు నుంచి వచ్చే వైరును సర్వరు వెనక ఒక యూఎస్‌బీ పోర్టులో పెట్టింది. తను అక్కడ నొక్కే మీట ఆ వైరు గుండానే ఇక్కడికి చేరుతుందట. గుమాస్తాలు పాటల పెన్‌డ్రైవులు పెట్టి వైరస్ ఎక్కిస్తున్నారని, సెట్టింగుల్లోకి వెళ్లి ఆ ఒక్క పోర్టు తప్ప మిగతావన్నీ మూసేసింది. తల నెరిసిన నేను పక్కనే కూర్చుని ఎన్ని ప్రశ్నలు వేసినా విసుక్కోలేదు.

మా మరిదికి మాత్రం నమ్మకం కుదరలేదు.

"యాడో కర్నూల్లో కూర్చోని ఈడ బాగుచేస్తుందంటనా? ఈసారి ఆగితే చూస్తా వదినా. ఆయమ్మతో కాకుంటే కడపలో కంప్యూటర్లు బాగుచేసే పిల్లోడికి ఇచ్చేస్తా పని."

ఆయుధపూజ వచ్చింది. కాటా మొదలుకొని క్యాలిక్యులేటరు దాకా అన్నిటికీ గంధం, కుంకుమ పెట్టడం మా అంగడి ఆనవాయితీ. గుమాస్తా భక్తిగా సర్వరు వైర్లన్నీ పీకి, తుడిచి, బొట్లు పెట్టి, మళ్లీ తగిలించాడు. దశమి మరునాడు స్విచ్ వేస్తే, ఏదైనా మీట నొక్కమని ఇంగ్లీషులో అడిగి సర్వరు అక్కడే నిలిచిపోయింది. కర్నూలుకు ఫోన్ చేశాను.

"తెర నాకు కనపడతాండాది అవ్వా. నొక్కితే పోవడంలేదు. నేను పెట్టిన వైరు యాడ ఉండాది?"

"బొక్కలోనే ఉందమ్మా."

"ఏ బొక్కలో?"

గుమాస్తా తల గోక్కున్నాడు. "బొక్కలన్నిటికీ బొట్టు పెట్టినా కదవ్వా, అన్నీ ఒకే మాదిరి ఉండాయి."

"బొట్టు నుదుటికి పెడతారప్పా, నోట్లో పెడతారా?" అన్నాడు మా మరిది.

"పైవరసలో ఎడమ పక్కది అవ్వా," అంది ఫోన్లో.

"ముందు నిలబడితే ఎడమా, వెనక నిలబడితేనా?"

"వెనక. అడిగి మంచి పని చేసినావు."

వైరు కింది వరసలో, మూసేసిన పోర్టులో ఉంది. అసలు పోర్టు నిండా గంధం ఎండిపోయింది. కరెంటు తీయించి, అగరుబత్తి పుల్లతో మెల్లగా గీకి రాల్చాను. వైరు మార్చి మళ్లీ స్విచ్ వేశాం. తెర మీద అదే ప్రశ్న. మేమెవరమూ దేన్నీ ముట్టుకోకుండానే అది కదిలింది.

"ఎవరు నొక్కతాండారు వదినా?"

"కర్నూల్లో ఆయమ్మ."

ఫోన్లో బిడ్డ గుక్కపట్టి ఏడుస్తోంది. మా మరిది నా చేతిలోంచి ఫోన్ తీసుకున్నాడు.

"బిడ్డను ఎత్తుకో పోమ్మా. మా సర్వరు ఇంక నువ్వే సూసుకో, బస్సెక్కే పని లేదు."

కొన్నేళ్లకు మేము అంగడి ఎత్తేసేదాకా సర్వరును ఆమే చూసింది. నేను ఎన్ని అడిగినా "ఈ వయసులో నీకెందుకవ్వా ఇవన్నీ" అని ఒక్కసారీ అనలేదు. అందుకు ఆమెను తలుచుకోని దసరా లేదు నాకు.