ఎలా అంటే అన్నానికి రమ్మని

మొన్న శనివారం బర్నబీ నుంచి మా అమ్మాయి ఫోన్ చేసింది. తానూ మా అల్లుడూ గ్రీకు దీవులు చూడబోతున్నారట, ఊహ తెలియని వయసులో తనను కూడా అక్కడికి ఎత్తుకెళ్లామట కదా, తినడానికి ఎక్కడ బాగుంటుందో చెప్పమని అడిగింది. ఇదంతా తెలుగులో అడిగిందని అపోహ పడకండి. “డాడ్, వేర్ డు వి ఈట్?” అని ఒక్క ముక్కలో తేల్చేసింది. నేను గొంతు సవరించుకుని, కుర్చీ వెనక్కి వాల్చి, మొదటి వాక్యంలో కర్త దాటి కర్మ దాకా వచ్చేసరికి ఆ పిల్ల ఇంకో చేత్తో ల్యాప్‌టాప్ తెరిచి, ఏ హోటలుకు ఎన్ని నక్షత్రాలో చదవడం మొదలుపెట్టింది. మన తరంలో నక్షత్రం చూసి ముహూర్తం పెట్టుకునేవాళ్లం, వీళ్లు నక్షత్రం చూసి భోంచేస్తారు.

“ఒక్కటే గుర్తుపెట్టుకో. సముద్రం కనబడే చోట తినకు. వెనక్కి తిరిగి, నీళ్లు కనబడనంత దూరం మెట్లెక్కి, అప్పుడు తిను” అన్నాను. “దట్స్ సో రాండమ్, డాడ్” అని నవ్వి పెట్టేసింది. అది రాండమ్ కాదనీ, దాని వెనక మా అత్తగారున్నారనీ ఆ పిల్లకు అప్పటిదాకా నేనెప్పుడూ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో మీకు చెబుతాను.

మా మామగారు చనిపోయిన ఏడాదే మా అత్తగారు మా దగ్గరికి వచ్చేశారు. మా దగ్గరంటే కెనడాలో విన్నిపెగ్. ఫిబ్రవరిలో చెత్తడబ్బా వీధి చివర పెట్టడానికి వెళ్లేముందు, లాకరు తాళం ఎక్కడుందో భార్యకు చెప్పి మరీ బయటికి అడుగుపెట్టాల్సిన ఊరు. ఆ చలి ఆవిణ్ణి ఏమీ చేయలేదు. ఆవిడ సమస్యల్లా అన్నంతోనే. పూర్వం ఆవిడ భోజనానికి కూర్చుంటే వడ్డించేవాళ్లు వంతులేసుకునేవారు. పప్పుతో మొదలుపెట్టి పెరుగు దాకా వచ్చి, ఆవకాయ బాగుందంటే మళ్లీ పప్పు దగ్గరికి వెళ్లగలిగిన మనిషి. తినడంలోనూ తినిపించడంలోనూ అంతటి ధాటి గల ఆవిడ, మా ఇంటికి వచ్చాక, గరిటె ఇంకా గిన్నెలో ఉండగానే కంచం మీద చెయ్యి అడ్డం పెట్టి “చాలమ్మా” అనడం నేర్చారు. పిచ్చుక చూస్తే జాలిపడి తన గింజలు పెట్టేటంత తిండి. బంగారు గాజులు మణికట్టు వదిలేసి మోచేతి దాకా షికారు చేసి వస్తుండేవి. మన తెలుగు డాక్టరుగారు ఒకాయన, ఎప్పుడూ జోకులేసే మనిషి, ఆవిణ్ణి చూసి జోకు వేయలేదు. “రోగమేం లేదండీ. కానీ ఇలాగే ఉంటే మాత్రం మనిషి మిగలదు” అన్నారు నాతో, పక్కకు పిలిచి. మా ఆవిడ తల్లికి వినబడకుండా ఏడవడానికి బేస్‌మెంటులో డ్రయ్యరు ఆన్ చేసుకునేది. ఆ వసంతకాలంలో మా ఇంట్లో ఆరినన్ని బట్టలు మా మానిటోబా రాష్ట్రం మొత్తంలో ఇంకెవరింట్లోనూ ఆరి ఉండవు.

ఎండాకాలం వచ్చింది, శ్రావణమాసం వచ్చింది. ఊళ్లో మనవాళ్ల పేరంటాలు మొదలయ్యాయి. మా ఆవిణ్ణి పిలిచారు. అత్తగారిని పిలవలేదు. మనసులో ప్రేమ లేక కాదు, పిలవచ్చో లేదో తెలియక. మా ఆవిడ వాయనం శనగలు జిప్‌లాక్ సంచిలో తెచ్చి వంటింటి గట్టు మీద పెట్టింది. అత్తగారు ఆ సంచీని చూసి, తీసి ఫ్రిజ్‌లో అన్నిటికన్నా వెనకాల, ఆవాల డబ్బాకు అవతల పెట్టేశారు. ఒకప్పుడు ఆ శనగలు నానబెట్టి వీధి వీధంతా పంచిన చేతులవి. ఇక తన చేతిలో ఎవరూ పెట్టరని ఆవిడకు తెలుసు. ఆ పూట “చాలమ్మా” కూడా అనలేదు. కంచం దగ్గరికే రాలేదు.

మా ఆఫీసులో నా పక్క సీటులో ఒక గ్రీకు పెద్దమనిషి ఉండేవాడు. మీసాలు ఎంత దట్టంగా ఉండేవంటే, సూపు తాగిన రోజున సగం మధ్యాహ్నం దాకా వాటిలోనే ఉండిపోయేది. నా మొహం చూసి సంగతి రాబట్టాడు. విని, డాక్టరు లాగా బల్ల మీద వేలితో కొట్టి, మా దీవికి తీసుకెళ్లు, మా పిన్ని ఉంది, ఆవిడ ముందు తినకుండా లేచినవాళ్లు ఇంతవరకూ లేరు అన్నాడు. ఆయన దీవి పేరు సిఫ్నోస్. పటంలో దాని మీద ఆవగింజ పెడితే అటూ ఇటూ సముద్రమే మిగులుతుంది. ఏ హోటలు, ఏ వీధి అని నేనడిగితే, బోర్డు లేదు, వీధికి పేరూ లేదు, నీళ్లు కనబడనంత దూరం మెట్లెక్కు, ఆదివారం మధ్యాహ్నానికి చేరు, అంతే అన్నాడు. అలా ఒక పెద్దావిడ, ఒక పసిపిల్ల, మా ఆవిడ, నేను, మాతోపాటు ఊరగాయల పెట్టె బయలుదేరాం. ఆ పెట్టె బరువుకు మేమెక్కిన ఓడ ఒక పక్కకు ఒరిగిందంటే మీరు నమ్మరు. నేనూ ప్రమాణం చేయను.

రేవులో దిగగానే హోటళ్లవాళ్లు మన బస్టాండు ఆటోవాళ్ల లాగా చుట్టుముట్టారు. ప్రతివాడి చేతిలోనూ రంగు ఫొటోల మెనూ. మా అత్తగారు వాళ్లెవరినీ చూడలేదు. దూరంగా ఒక హోటలు ముందు తీగ మీద వరసగా ఆరేసి ఉన్నవాటిని చూసి ఆగారు.

“బాబూ, అదిగో, మడిబట్టలు ఆరేసుకున్నారు. ఆచారం గల ఇల్లులా ఉంది. అక్కడ మంచినీళ్లయినా పుచ్చుకోవచ్చు.”

ఎండ కళ్లలో కొడుతుంటే నాకూ అలాగే కనబడ్డాయి. తీరా దగ్గరికి వెళ్తే అవి ఆక్టోపస్‌లు. ఎనిమిదేసి కాళ్లతో, కాలికి వందేసి బుడిపెలతో, గాలికి నిజంగానే పంచెల్లా రెపరెపలాడుతున్నాయి. అత్తగారు “శివశివా” అని వెనక్కి తిరిగి, మెట్ల దారి పట్టారు. అన్నాళ్లుగా మంచం దిగడానికే ఆయాసపడే ఆవిడ ఎక్కుతుంటే, పిల్లను ఎత్తుకుని నేనూ, పెట్టె మోసుకుంటూ మా ఆవిడా వెనక పరుగు. “ఏవండీ, కాస్త ఆగమనండీ మా అమ్మని!” “నా మాట వినేదైతే మీ అమ్మెందుకవుతుంది?” ఆ ఊపులో సముద్రం ఎప్పుడు కనుమరుగైందో కూడా చూసుకోలేదు. ఆగేసరికి సున్నం కొట్టిన సన్నటి సందులో ఉన్నాం. ఒక నీలం తలుపు ముందు తల నుంచి పాదాల దాకా నల్లబట్టలు కట్టిన ముసలావిడ నిలబడి ఉంది. ఆ దేశంలో భర్త పోయినవాళ్లు నలుపు కడతారు. మా అత్తగారు కట్టుకున్నది తెల్లచీర. ఒకరినొకరు చూసుకున్నారు. ఆ నల్లబట్టలావిడ రెండు చేతులూ చాచి, గొంతెత్తి అంది:

“ఎలా! ఎలా!”

మా అత్తగారు నిలబడిపోయారు. మీరే ఆలోచించండి. మామగారు పోయినప్పటి నుంచీ అందరం ఆవిడతో చలి గురించి మాట్లాడాం, వీసా గురించి మాట్లాడాం, మందులు వేసుకున్నారా అని అడిగాం. ఎలా ఉన్నావు, ఎలా గడుస్తోంది అని ఆ ఒక్క మాటా అడగడానికి మాకెవరికీ ధైర్యం చాలలేదు. అలాంటిది, భూమికి ఏ మూలో ఉన్న సందులో, ముక్కూ మొహం తెలియని మనిషి, అచ్చ తెలుగులో అడిగింది.

“ఎలా ఏముందమ్మా,” అన్నారు అత్తగారు. “ఏం చెప్పమంటావు. మంచం మీద అటుపక్క దిండు తీసేద్దామంటే చెయ్యి రావడం లేదు.”

అంతే, ఇక ఆగలేదు. ఆవిడ గుమ్మంలో ముక్కాలిపీట మీద కూర్చుని, మామగారి దగ్గు మొదలైన రోజు నుంచి ఫ్రిజ్‌లో వెనకాల పెట్టిన శనగల దాకా మొత్తం చెప్పేశారు. నల్లబట్టలావిడకు ఒక్క ముక్క అర్థమై ఉండదు. అయినా పక్కనే కూర్చుని, చెయ్యి పట్టుకుని, మధ్యమధ్య నిట్టూరుస్తూ, తనూ గ్రీకులో ఏదో చెప్పుకుంటూ పోయింది. మా ఆవిడ గోడవైపు తిరిగి నిలబడింది. ఏడ్చినా వినబడకుండా చేయడానికి అక్కడ డ్రయ్యరు లేదు.

ఏడుపులు అయ్యాక నల్లబట్టలావిడ, మా గ్రీకు పెద్దమనిషి చెప్పిన పిన్ని ఆవిడే, లోపలికి వెళ్లి ఒక మట్టికుండ తెచ్చింది. ఆ దీవిలో శనివారం సాయంత్రం కుండలో శనగలు, ఉల్లిపాయలు, ఆలివ్ నూనె వేసి ఊరి బట్టీలో పెడతారు. రాత్రంతా సన్నసెగకు మగ్గిన ఆ శనగలే ఆదివారం చర్చి నుంచి వచ్చాక భోజనం. మూత తీస్తే వచ్చిన వాసనకు మెట్ల కింది ఆక్టోపస్‌లు కూడా తలెత్తి ఉంటాయి. ఆవిడ పళ్లెంలో పోయబోతుంటే అత్తగారు అలవాటుగా చెయ్యి అడ్డం పెట్టి “చాలమ్మా” అన్నారు. ఆ తల్లికి “చాలు” అనే తెలుగుముక్క రాదు కదా! అడ్డం పెట్టిన చేతిని మెల్లగా పట్టుకుని, వెల్లకిలా తిప్పి, చల్లారిన శనగలు నాలుగు అరచేతిలో పోసి, వేళ్లు మూసింది.

అత్తగారు ఆ పిడికిలి కేసి చాలాసేపు చూశారు. “వాయనం,” అన్నారు, మాతో కాదు. తరవాత నోట్లో వేసుకున్నారు. ఆ తరవాత పళ్లెం, నిమ్మకాయ పిండిన ఉడికించిన ఆకుకూర, మన ముద్దపప్పుకు చెల్లెలి వరసైన పప్పు, అన్నం కూరిన టొమాటోలు. చివరికి ఊరగాయల పెట్టె తెరిపించి ఆ ఇంటికి ఆవకాయ రుచి చూపించి, నల్లబట్టలావిడ కళ్లలో ఇంకోరకం నీళ్లు తెప్పించారు. అక్కడున్నన్నాళ్లూ మేం ఏ కోటా చూడలేదు, ఏ సూర్యాస్తమయం ముందూ ఫొటో దిగలేదు. ఆ నీలం తలుపు దగ్గరే కూర్చున్నాం.

తిరిగి వచ్చాక గ్రీకు పెద్దమనిషిని భోజనానికి పిలిచాం. అత్తగారు మొదట అడిగిన ప్రశ్న, మీ పిన్నికి తెలుగు ఎవరు నేర్పారు బాబూ అని. నేను ఇంగ్లీషులో చెబితే ఆయన మీసాలు వణికేలా నవ్వి, ఎలా అంటే మా భాషలో ‘రా’ అని, లోపలికి పిలిచిందంతే అన్నాడు. అది అత్తగారికి తెలుగులో చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఎలాగో చెప్పాను.

“అయితే పాపం, అన్నానికి రమ్మన్నందుకు ఆవిడకు నా పురాణమంతా వినిపించానన్నమాట!” అని, మామగారు పోయాక మొదటిసారి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. వంటింట్లోకి వెళ్లి, వడ్డన పూర్తిచేసి, అక్కడి నుంచి కేకేశారు: “ఎలా! ఎలా!”

అప్పటి నుంచీ మా ఇంట్లో ఎలా అంటే అన్నానికి రమ్మని. పొద్దున ఉప్మాకు ఎలా, సాయంత్రం పకోడీలకు ఎలా. మా అమ్మాయి ఆ కేకలోనే పెరిగింది. ఆదివారం తెలుగు బడిలో టీచరు ‘ఎలా’కు అర్థం అడిగితే ‘కమ్ అండ్ ఈట్’ అని చెప్పి తప్పు వేయించుకుని వచ్చింది. అత్తగారు బడికి వెళ్లి, రెప్ప వేయకుండా, “మా వైపు అలాగే అంటారమ్మా, దిద్దండి” అని టీచరు చేత దిద్దించారు. ఆవిడ ఎవరికీ వివరం చెప్పనివ్వలేదు. అది నా మాట, ఉండనివ్వండి అనేవారు. అందుకే మా అమ్మాయికి నేనూ చెప్పలేదు.

అత్తగారు వెళ్లిపోయి కొన్నేళ్లయింది. చివరి వారం దాకా సుష్టుగా తిన్నారు. ఆవిడతోపాటు ఆ కేక కూడా మా ఇంట్లో ఆగిపోయింది. ఇప్పుడు మా ఆవిడ వంటింట్లోంచి బేస్‌మెంటులో ఉన్న నాకు మెసేజ్ పెడుతుంది. నేను బొటనవేలు బొమ్మ పెడతాను. ఇంత చిన్న ఇంట్లో ఇద్దరం ఉండి, మధ్యలో ఆకాశంలోని ఉపగ్రహాన్ని నిద్రలేపుతాం.

నిన్న అమ్మాయి ఆ సిఫ్నోస్ దీవి నుంచే ఫోన్ చేసింది. నేను చెప్పినట్టే మెట్లెక్కితే, సున్నం కొట్టిన సన్నటి సందులో చెవిపోగులు అమ్ముతున్నారట, మా నీలం తలుపు ఉన్న సందు అదే అయి ఉంటుంది. అక్కడ ఆగకుండా ఇంకా పైకి ఎక్కారట. అక్కడ ఎవరో ఒకావిడ గుమ్మంలో నిలబడి చేతులు చాచిందట.

“డాడ్, షీ సెడ్ అమ్మమ్మస్ వర్డ్,” అంది. ఆ తరవాత, ఎన్నేళ్లకో, తెలుగులో అడిగింది: “ఈవిడకి అమ్మమ్మ ఎలా తెలుసు?”

ఇదిగో, ఇప్పుడు మీకు చెప్పినదంతా ఆ పిల్లకు చెప్పాను. ఈసారి ల్యాప్‌టాప్ చప్పుడు వినబడలేదు. ఎక్కడ తినాలో ఈరోజుల్లో నక్షత్రాలు లెక్కపెట్టి ఫోను చెప్పేస్తుంది, కాదనను. కానీ గుమ్మంలో నిలబడి చేతులు చాచి పిలవడం దానికి చేతకాదు. ఆ పిలుపు ఉన్నచోట ఏం పెట్టినా బాగుంటుందని, అది లేనిచోట నా ఇంటి భోజనం కూడా హోటలు భోజనమేనని తెలుసుకోవడానికి నాకింతకాలం పట్టింది.

ఫోను పెట్టేసరికి మా ఆవిడ మెసేజ్ వచ్చి ఉంది: ‘డిన్నర్’. బొటనవేలు పెట్టకుండా ఊరుకున్నాను. కాసేపటికి మెట్ల మీద అడుగుల చప్పుడు, ఒక చిన్న దగ్గు, ఆ తరవాత అచ్చం వాళ్లమ్మ గొంతు.

“ఎలా!”

లేచి వెళ్లాను.