వెనక తలుపు సందు

నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు వెళ్లే షేర్ వ్యాన్‌లో నా పక్కన కూర్చున్న పెద్దాయన ఒకటే దగ్గుతున్నాడు. నాకు ఒళ్లు మండి, "అందరికీ అంటిస్తావా ఏందప్పా? వెనక్కి పో" అన్నాను. ఆయన లేచి వెళ్లి వెనక తలుపు దగ్గర కూర్చున్నాడు.

రోడ్డు తవ్వి పెట్టారు. కిటికీలన్నీ మూసినా ఆ వెనక తలుపు సందులోంచి దుమ్ము కమ్ముకొస్తోంది. డ్రైవర్ మీద విరుచుకుపడ్డాను.

"తలుపుకు కొత్త రబ్బరే ఏపిచ్చినా గదక్కా!" అన్నాడతను.

వ్యాన్ ఆగినప్పుడు పెద్దాయన దిగి, తలుపు రబ్బరు మీద కాగితం ముక్క పెట్టి, తలుపు మూసి, కాగితాన్ని లాగి చూశాడు. పైన పెడితే కదల్లేదు. కింద మూలలో పెడితే సులువుగా జారి వచ్చింది.

"ఈడ రబ్బరు పట్టల్యా" అంటూ, ముక్కుకు కట్టుకున్న తువ్వాలు విప్పి ఆ సందులో కూరాడు.

"మరి నీ ముక్కుకో?" అన్నాను.

"రాళ్లు చెక్కేవాణ్ణి తల్లీ. ఇది రాతిపొడి దగ్గు, నీకంటదులే."

మళ్లీ బయలుదేరాం. నా పక్క సీటు ఖాళీగానే ఉంది. రెండుసార్లు వెనక్కి తిరిగాను, రెండుసార్లూ ఊరికే కొంగు సర్దుకున్నాను. ముందుకు రమ్మని ఒక్క మాట అనడానికి నేను తంటాలు పడుతుండగానే ఆళ్లగడ్డ వచ్చేసింది.