కాలువకు దిష్టి తీసిన రోజు

మా పుట్టినూరు కొల్లేటి అంచున ఉంటుంది. ఊరి పక్కనుంచే ఒక కాలువ పారి సరస్సులో కలుస్తుంది. నా చిన్నప్పుడు ఆ నీళ్ళే తాగాం. అమ్మ ఇండుపగింజ అరగదీసి బిందెలో కలిపేది. తెల్లారేసరికి మట్టంతా అడుక్కి దిగి, పైన నీళ్ళు తేటగా నిలిచేవి.

నేను పెళ్ళయి ఏలూరు పక్కన వట్లూరు వచ్చాక, రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్ళలో, ఆ కాలువ చచ్చిపోవడం మొదలైంది. పైనుంచి పట్నాల మురుగు, ఏవేవో ఫ్యాక్టరీల నీళ్ళు ఎప్పటినుంచో వస్తూనే ఉన్నాయి. వాటికి చేపల చెరువులు తోడయ్యాయి. చేపలు పట్టేటప్పుడు చెరువుల్లో నీరంతా కాలువలోకే వదిలేసేవారు. మేతగా వేసిన కోళ్ళ పెంట, మందులు, అన్నీ ఆ నీళ్ళతోనే వచ్చేవి. మా తమ్ముడు అలాంటి చెరువు దగ్గరే పనికి కుదిరాడు. కాలువలో వలేస్తే ఏమీ పడని రోజుల్లో మా పుట్టింట్లో పొయ్యి వెలిగింది వాడి జీతంతోనే. చెరువు తూము తీసేదీ, మూసేదీ వాడే.

ఒక ఎండాకాలం నేను కడుపుతో పుట్టింటికి వెళ్ళాను. కాలువ తారులా ఉంది. చేపలు తెల్లటి పొట్టలు పైకి తేలి గట్టు పొడవునా పడున్నాయి. తమ్ముడి కూతురికి ఒళ్ళంతా దద్దుర్లు. ఊరివాళ్ళు అర్జీ పెడితే ఎవరో ఆఫీసువాళ్ళు వచ్చి సీసాల్లో నీళ్ళు పట్టుకెళ్ళారట. మళ్ళీ రాలేదు.

అమ్మ నన్ను గట్టు మీదికి తీసుకెళ్ళింది.

"కాలవకి అమ్మవారు పోసిందే," అంది.

"అదేంటమ్మా?"

"చూడు, ఒళ్ళంతా బుడగలు బుడగలుగా ఎలా పొంగుతోందో. మనిషికిలా పోస్తే ఏం చేస్తాం? వేపాకేసి, పసుపు నీళ్ళు పోసి, చల్లన్నం పెడతాం. దీనికీ అదే చేద్దాం. నాకింకేం తోచట్లేదు."

ఊళ్ళో ఎవరి బిడ్డకు జ్వరమొచ్చినా, పాలు తాగకపోయినా అమ్మను పిలిచేవారు. ఆమె చేత్తో దిష్టి తీస్తే పోతుందని నమ్మకం. అందుకే ఇల్లిల్లూ తిరిగి అడిగితే ఎవరూ నవ్వలేదు. ఊరి చివర చర్చివాళ్ళు కూడా, "మేమూ వచ్చి ప్రార్థన చేస్తాం పిన్నీ," అన్నారు.

వట్లూరు తిరిగొచ్చి ఈ సంగతి మా పక్కింటావిడకు చెప్పాను. వాళ్ళు ముస్లింలు. భర్త టైలర్. ఆవిడ కుట్టుమిషన్ ఆపింది.

"ఏవండీ, నేనూ రావచ్చాండీ?" అంది. "మా పుట్టింట్లో తివాచీలు నేసేవారండి. మా నాన్నగారు ఉన్ని కడిగింది ఏలూరు కాలవ నీళ్ళలోనేనండి. ఇప్పుడా నీళ్ళలో కాలు పెట్టలేమండి."

దర్గాలో ఒక పెద్దాయన చేత దువా చదివించి, ఊదించిన నీళ్ళు స్టీలు చెంబులో తీసుకుని, బస్సులో ఒళ్ళో పెట్టుకుని, ఒక్క చుక్క ఒలకకుండా ఆవిడ నాతో వచ్చింది.

ఆ ఉదయం ఊరంతా గట్టు మీదే ఉంది. ఆడవాళ్ళు తలస్నానాలు చేసి పసుపు నీళ్ళ బిందెలతో వచ్చారు. అవి తాగడానికి దాచుకున్న ట్యాంకరు నీళ్ళు. కాలువకు స్నానం చేయించడానికి ఊళ్ళో అంతకన్నా మంచి నీళ్ళు లేవు. ప్రసాదానికి బియ్యం, బెల్లం తమ్ముడి యజమాని పంపాడు. తమ్ముడు మూటలు దించి తల వంచుకుని నిలబడ్డాడు. అమ్మ వాటిని అందుకుంది.

అమ్మ మోకాలి లోతున దిగింది. వేపమండతో నీటి మీద మెల్లగా నిమిరింది, మా చిన్నప్పుడు పొక్కుల మీద నిమిరినట్టే. "ఊరి దిష్టి, వాడ దిష్టి, పైవాళ్ళ దిష్టి, మా ఇంటివాళ్ళ దిష్టి," అంటూ పెరుగన్నం ముద్ద తిప్పి వదిలింది. మా ఇంటివాళ్ళ దిష్టి అన్నప్పుడు తమ్ముడు అటు తిరిగిపోయాడు. చర్చివాళ్ళు పాట ఎత్తుకున్నారు. పక్కింటావిడ కొంగు తల మీదికి లాక్కుని, పెదాలు కదుపుతూ చెంబు నీళ్ళు పోసింది. ఒక ముసలామె, "కొర్రమీనూ, మట్టగిడసా, ఇంగిలాయీ," అని పోయిన చేపల్ని పేరుపేరునా పిలుస్తూ ఏడ్చింది. ఆ ఏడుపు అందరికీ అంటుకుంది. పసుపు కాసేపు నల్లటి నీటి మీద పచ్చగా తేలి, తర్వాత కనబడకుండా పోయింది.

అంతా అయిపోయిందనుకున్నాం. అప్పుడు ఒక పెద్దాయన, "తీర్థం ఇవ్వవామ్మా?" అని అడిగాడు.

అమ్మ ఆ సంగతి ఆలోచించుకున్నట్టు లేదు. కానీ పూజ చేశాక తీర్థం ఇవ్వకుండా ఎలా? చెంబు కాలువలో ముంచింది. ముందున్న నా అరచేతిలో పోసింది, పక్కింటావిడ చేతిలో పోసింది, వెనకాలవాళ్ళ చేతుల్లోనూ పోసుకుంటూ వెళ్ళింది. అందరూ చేతులు అలాగే పట్టుకుని ఒకరి ముఖాలొకరు చూస్తున్నారు. నా చేతిలో నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయి. కుళ్ళిన గుడ్డు వాసన. కళ్ళు మూసుకుని చెయ్యి పైకెత్తాను.

చెయ్యి మీద ఛెళ్ళున దెబ్బ పడింది.

కళ్ళు తెరిస్తే అమ్మ ఎదురుగా ఉంది. "నువ్వొద్దే! కడుపుతో ఉన్నావు," అంది.

పాట ఆగిపోయింది. తర్వాత ఒక్కొక్కరే అరచేతులు వంచారు. నీళ్ళు మట్టిలో ఇంకిపోయాయి. పక్కింటావిడ తన చెయ్యి కొంగుకు తుడుచుకుని, నా చెయ్యి కూడా తుడిచింది.

అమ్మ చెంబు వంక చూసింది. అందులో ఇంకా నీళ్ళున్నాయి.

"అమ్మా, వద్దు!" అని తమ్ముడు పరిగెత్తుకొచ్చేలోపే ఎత్తి తాగేసింది.

సాయంత్రానికి వాంతులు, విరేచనాలు. ఏలూరులో ఆసుపత్రిలో చేర్చి సెలైన్ ఎక్కించారు. ఆమె ఇంకా మంచం మీద ఉండగానే యజమాని చెరువులో చేపలు పట్టారు. తమ్ముడు బురద కాళ్ళతో ఆసుపత్రికి వచ్చి వరండాలోనే నిలబడిపోయాడు.

"తూము తీశానక్కా," అన్నాడు. "తీయకపోతే ఇంకొకడు తీస్తాడు. అమ్మకి చెప్పకు."

వాడు మంచం దగ్గరికి వచ్చాడు. అమ్మ కళ్ళు తెరవలేదు.

"ఒంటిమీంచి వాసనొస్తోందిరా," అంది. "అన్నం తిన్నావా?"

వాడు గోడకేసి తిరిగి ఏడ్చాడు.

మరుసటి ఏడు దిష్టి మాట ఎవరూ ఎత్తలేదు. బిడ్డలకు జ్వరమొస్తే అమ్మను పిలవడం కూడా తగ్గింది. ఎవరూ ఏమీ అనలేదు, పిలవలేదంతే. ఇంకొన్నాళ్ళకు, కొల్లేటిని ఆక్రమించారని ప్రభుత్వం చెరువుల గట్లు కొట్టించినప్పుడు కాలువ బాగుపడుతుందని ఆశపడ్డాను. పైనుంచి వచ్చే మురుగు ఆగలేదు. తమ్ముడి పని మాత్రం పోయింది. వాడు తాడేపల్లిగూడెం వెళ్ళి ఉల్లిపాయల మార్కెట్లో బస్తాలు మొయ్యడానికి చేరాడు. అమ్మనూ తీసుకెళ్ళాడు.

ఒకసారి అక్కడికి వెళ్ళినప్పుడు అడిగాను. "ఆరోజు నువ్వెందుకు తాగావమ్మా?"

"ఎవరో ఒకరు తాగాలి కదే. అంతమంది చేత ఏడిపించాను." తనలో తను అనుకుంటున్నట్టు అంది. "నువ్వు కళ్ళు మూసుకున్నావు. నువ్వు నమ్మావే. నేనే నమ్మలేదు. నేను నమ్మి ఉంటే కాలవకి తగ్గేదేమో."

కాదని ఎంత చెప్పినా వినలేదు. ఆ మురుగంతా ఒకవైపు, తన అపనమ్మకం ఒకవైపు పెట్టి, తనదే బరువని తూచుకుంది. పోయేదాకా ఆ బరువు దించలేదు.

ఆమె అస్థికలు ఊరి కాలువలోనే కలపాలని తమ్ముడు పట్టుబట్టాడు. గట్టు దాకా వెళ్ళాం. వాడు రేవు మెట్టు మీద నిలబడి ఆ నీళ్ళను చాలాసేపు చూశాడు.

"ఇందులో ఎలా వదుల్తామక్కా?" అన్నాడు.

తిరిగొచ్చి బస్సెక్కాం. గోదావరిలో కలిపాం.