జాన్నిస్ బాబాయి గీజరు దర్యాప్తు

కరెంటు దానంతట అది పోదనీ, ఎవరో ఒకరు పోగొడితేనే పోతుందనీ జాన్నిస్ బాబాయి నమ్మకం. ఆ పోగొట్టినవాడు ఊళ్ళోనే ఉంటాడు, వాడింట్లో గీజరు వెచ్చగా ఉంటుంది. అంతే! తుఫాను లేవనీ, పెద్ద దీవి నుంచి సముద్రం అడుగున వచ్చే తీగ పుటుక్కున తెగనీ, దీపాలారిన మరుక్షణం ఆయన నల్ల వానకోటు తగిలించుకుని, టార్చి పుచ్చుకుని, దొంగను పట్టడానికి ఇంటింటికీ బయల్దేరేవాడు.

ఆయన జన్మంతా ఓడల ఇంజను గదుల్లో నూనె పోసినవాడు. "ఓడలో దీపాలారితే అర్థం ఒక్కటే," అనేవాడు కల్లిరోయి కాఫీకొట్లో కూచుని. "వంటవాడు దొంగచాటుగా హీటరు పెట్టాడని. మన దీవి మాత్రం ఏమిటి? కదలని ఓడ!"

"తీగ తెగిందని రేడియోలో చెప్పారుగా బాబాయ్?" అనేది కల్లిరోయి.

"ఆ రేడియోవాడింట్లో గీజరు చూశావా నువ్వు?"

కల్లిరోయి నెత్తి కొట్టుకుని కాఫీ కలపడానికి పోయేది.

దర్యాప్తుకి ఒక పద్ధతి ఉండేది. తిన్నగా స్నానాలగదిలోకి నడవడం, జ్వరం చూసే డాక్టరులా గీజరు పొట్ట మీద అరచెయ్యి ఆనించడం, కళ్ళు మూసుకోవడం. "వెచ్చగా ఉంది!" అని అరిచి, వచ్చి కుర్చీలో కూలబడేవాడు. ఇంటికొచ్చినవాడు పోలీసైనా సరే, ఆ దీవిలో పంచదారలో ఉడికించిన పళ్ళపాకం చెంచాడు, గ్లాసుడు చన్నీళ్ళు ఇవ్వకుండా పంపరు. పాకం చప్పరించాకే తీర్పు.

"నీ నేరం క్షమించరానిది," అనేవాడు చెంచా నాకుతూ. "పాకం మాత్రం దివ్యంగా ఉంది."

ఫాదరు సిల్వెస్త్రోస్ గారినైనా వదల్లేదు. "స్వామీ, మీ గీజరు కాలిపోతోంది!"

"గడ్డం కడుక్కుందామనుకున్నానయ్యా," అన్నాడాయన పాపం.

"ఆ గడ్డం ఈ ఊరి కరెంటుతో అయ్యే పనా స్వామీ? పెద్ద దీవికెళ్ళి కడుక్కోండి."

ఇన్ని ఇళ్ళు తిరుగుతాడు కదా, ఏ ఒక్క ఇంట్లోనైనా గీజరు చల్లగా ఉండాలా వద్దా? ఎప్పుడు చూసినా ఊరంతా వెచ్చగానే ఉండేది. కల్లిరోయి ఇంట్లో అయితే చెయ్యి పెట్టలేం.

అసలు రణరంగం పై వీధి చివర మోస్కా అత్త ఇల్లు. ఆవిడకి ఊపిరితిత్తుల జబ్బు. ముక్కులో గొట్టం, మంచం పక్కన బుస్సుబుస్సుమంటూ గాలి అందించే మిషను. నోటికి మాత్రం ఏ మిషనూ అక్కర్లేదు. ఎవరైనా వచ్చి చూసిపోతుండాలని డాక్టరు చెబితే, "నన్ను చూడాలనుకునేవాళ్ళు శవాన్ని చూడ్డానికి రమ్మను," అంది. కల్లిరోయి ఓసారి జాలిపడి సూపు తీసుకెళ్తే, "నేనేం ముష్టిదాన్నా?" అని మూత తీయకుండా తిప్పి పంపింది. అలాంటి మనిషి జాన్నిస్‌తో పోట్లాటంటే చాలు, తలుపు బార్లా తీసేది.

"ఒసే మోస్కా! మళ్ళీ నువ్వేనా!"

"నేనేరా! ఏం చేస్తావో చేసుకో!"

ఆ ఇంట్లో దర్యాప్తు అన్నిటికంటే ఎక్కువసేపు సాగేది. ఆవిడ చేసే నారింజ తొక్కల పాకం మహిమ అని ఊరు చెవులు కొరుక్కునేది.

ఆ చలికాలం బాబాయి, ఎవరినో పట్టబోయి మెట్ల మీంచి జారి, చీలమండ పుచ్చకాయంత చేసుకున్నాడు. కల్లిరోయి పప్పుచారు తెచ్చి పెడుతుండగా గాలి లేచింది. పొద్దు వాలేసరికి దీపాలు ఠపీమని ఆరిపోయాయి. బాబాయి లేవబోయి, "అమ్మా!" అని మళ్ళీ కూలబడ్డాడు.

"కల్లిరోయీ, నువ్వెళ్ళు."

"ఎక్కడికి?"

"దర్యాప్తుకి."

"నాకేం వేరే పనిలేదా బాబాయ్?"

బాబాయి గొంతు తగ్గించాడు. "మోస్కా మిషను ఆగిపోయుంటుంది. మంచం వెనకాల గాలి సిలిండరుంది. ఆ మర తిప్పడానికి మోస్కా వేళ్ళకి బలంలేదు. ప్రాణం పోతున్నా 'కాస్త తిప్పిపెట్టండి' అని అడిగే ఘటం కాదది."

కల్లిరోయి గరిటె వదిలేసి లేచింది. "అయితే పరిగెత్తుకెళ్ళి తిప్పొస్తాను!"

"ఊరికే వెళ్తే తలుపు తీయదే పిచ్చిదానా! దారిలో ఇళ్ళ ముందు గట్టిగా తిట్టుకుంటూ వెళ్ళు. ఊరందరితోపాటు తననీ తిట్టడానికొచ్చారనుకుంటేనే తీస్తుంది."

"అంటే ఇన్నేళ్ళూ నువ్వు..."

"ఇన్నేళ్ళూ నేను దర్యాప్తే చేశాను. నడు!"

కల్లిరోయి ఆ వానకోటు తొడుక్కుని, అంచులు కాళ్ళకి తగులుతుంటే పై వీధి ఎక్కింది. "ఎవరే గీజరు వేసింది! బయటికి రండి దొంగల్లారా!" అని దారిపొడుగునా కేకలు. ఆ దీవిలో ఫాదర్లకి పెళ్ళాం పిల్లలుంటారు; ఫాదరు గారి భార్య కిటికీలోంచి తొంగి చూసి, "అయ్యయ్యో, దీనికీ అంటుకుందే!" అంది.

"మోస్కత్తా! వేసింది నువ్వేనా!" అని అరుస్తూ కల్లిరోయి తలుపు బాదింది. తలుపు తెరుచుకుంది. అత్త గోడ పట్టుకుని నిలబడింది. పెదవులు నీలంగా ఉన్నాయి.

"నేనే... ఏం... చేస్తావ్?"

కల్లిరోయి లోపలికి దూకి మర తిప్పి, గొట్టం సిలిండరుకి తగిలించింది. బుస్సుమంది. అత్త మంచం మీద కూర్చుని చాలాసేపు గాలి పీల్చుకుంది. ముఖంలోకి రక్తం వచ్చింది. దక్కిన మొదటి నిండు ఊపిరిని తిట్టడానికే ఖర్చు పెట్టింది.

"గీజరు చూడవేం? పద్ధతి తెలీదూ?"

కల్లిరోయి వెళ్ళి చెయ్యి పెట్టి, చురుక్కుమని లాగేసుకుంది. "ఇది నిజంగానే కాలిపోతోంది అత్తా!"

"కాలదూ మరి? గాలి లేచిందంటే స్విచ్చి వేసి ఉంచుతాను. వాడొచ్చి చల్లటి గీజరు పట్టుకుంటే ఏమని తిడతాడు పాపం? తిట్టకుండా ఒకరింటికి రావడం వాడికి చేతకాదు." ముక్కులో గొట్టం సర్దుకుని, "మర తిప్పడానికే వస్తాడని నాకు తెలీదనుకున్నావా? వాడితో మాత్రం అనకు. సిగ్గుపడి మానేస్తాడు," అంది.

కల్లిరోయికి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. దిగుతూ దిగుతూ ఫాదరు గారి తలుపు తట్టింది. "గాలొచ్చింది కదమ్మా, బాబాయి కుంటుకుంటూనైనా వస్తాడని వేశాం. ఉత్త చేతులతో పంపితే చిన్నబుచ్చుకోడూ?" అంది ఆయన భార్య. పక్కింట్లోనూ అదే మాట. ఆ పక్కింట్లోనూ అదే. బాబాయికి దొంగ దొరకాలని గాలి లేచిన ప్రతిసారీ ఊరు ఊరంతా ఒక్కసారే గీజర్లు వేస్తే, సముద్రం అడుగున ఆ ఒక్క తీగ ఎంతని మోస్తుంది! తీగ తెగిన ఒకటీ అరా తుఫాన్లు పక్కన పెడితే, దర్యాప్తు అధికారి చెప్పిందే నిజమన్నమాట.

బాబాయి కుంటికాలు చాపుకుని గుమ్మం వైపే చూస్తున్నాడు. "మోస్కా?"

"అందరికంటే పెద్ద దొంగ. ఊపిరి నిండా పీల్చుకుని మరీ తిట్టింది."

ఆయన భుజాలు సడలి కిందికి దిగాయి. "మిగతావాళ్ళు?"

"ఊరంతా దొంగలే బాబాయ్."

"చెప్పానా!" అని కుర్చీ చెయ్యి మీద ఒక్క చరుపు చరిచాడు. కల్లిరోయి వానకోటు జేబులోంచి మోస్కా అత్త పంపిన నారింజ తొక్కల పాకం సీసా తీసింది. బాబాయి కళ్ళు మూసుకుని మొదటి చెంచా చప్పరించాడు.

"సరే, ఈసారికి వదిలేద్దాం. అన్నట్టు, మీ ఇంట్లో గీజరు మాటేమిటి?"

కల్లిరోయి గబగబా ఇంకో చెంచా ఆయన నోట్లో పెట్టేసింది.