పాటిదిబ్బ సారు

ఆళ్లగడ్డ దగ్గర మా చేలో పాతకాలం నుంచి ఉన్న మట్టిగుట్ట, పాటిదిబ్బ నుంచి గంపెడు మన్ను కూడా ఎత్తనని చాలా ఏళ్ల క్రితం మా అన్న మాటిచ్చి, తప్పాడు. ఆ మాట నమ్మిన మనిషి, బడిలో నాకు చరిత్ర చెప్పిన సారు, పోయిన వారం నంద్యాలలో కన్నుమూశారు. ఫోన్లో ఆ కబురు చెప్పింది మా అన్నే. చెప్పి, ఊపిరైనా తీసుకోకుండా "ఈ తూరి శనగ బాగుందిరా" అన్నాడు. అప్పటి నుంచి నాకు కుదురు లేదు. పుస్తకం తెరుస్తాను, మూస్తాను, వాకిట్లోకి పోతాను, మళ్లీ వస్తాను.

సంతాపసభలో ఆయన్ని మహా పరిశోధకుడన్నారు. ఆయన బతికుండగా "పెంకుల సారు" అని నవ్వింది ఆ పెద్దమనుషులే. ఒక్కరూ ఆ దిబ్బ ఎక్కి చూసినవాళ్లు కారు.

సారు పాఠం వేరు. మొహెంజొదారో గురించి చెబుతూ, "వాళ్లు కాలవల మీద బండలు పరిచినారప్పా. నంద్యాలలో మనం ముక్కు మూసుకోని పోతాండాం" అనేవారు. సంచిలో ఎప్పుడూ కుండపెంకులు ఉండేవి. పైన నలుపు, కింద ఎరుపు. "రాజులు శాసనాలు రాయించుకున్నారు. వండిపెట్టినోళ్లు ఇవి ఇడ్సిపోయినారు" అని వాటిని మా చేతుల్లో పెట్టేవారు. ఇన్నేళ్లు నేను చదివిన చదువంతా ఆ పెంకు పట్టుకున్నప్పుడు మొదలైందే.

ఒక వానాకాలం మా దిబ్బ అంచు కోసుకుపోయి రాళ్ల వరస బయటపడింది. సారు మోకాళ్ల మీద కూర్చుని చేత్తో మట్టి తోశారు. అవతల ఇంకో వరస.

"ఇది గోడ. అది ఇంకో ఇంటి గోడ. నడాన దావ, మనుషులు నడిచిన దావ. ఊరప్పా ఇది, ఊరు!"

హైదరాబాదుకు రాసి, తవ్వకాల అధికారులను ఒప్పించారు. వచ్చే ఏడు వానలు తగ్గాక వస్తామన్నారు. వాళ్లొచ్చేదాకా దిబ్బను కాపాడమని మా అన్నను అడిగారు.

పాటిమన్ను చేనికి తోలుకోవడం మా వైపు ఆనవాయితీ. అది తెలిసి కూడా సారు ఒక పొరపాటు చేశారు. దిబ్బ విలువ తెలియజేయాలని రైతులను కూర్చోబెట్టి, ఆ మట్టి ఎట్లా ఏర్పడిందో చెప్పారు. వేల ఏళ్ల పొయ్యిల బూడిద, పశువుల పేడ, ఎముకలు.

"అంటే ఇదంతా పాతకాలం ఎరువే గదా సార్!" అన్నాడు మా అన్న. అందరూ నవ్వారు. సారు కూడా నవ్వారు.

మొదటి చినుకుకు ముందే ట్రాక్టర్లు దిగాయి. పిలిచింది మా అన్నే. అధికారులు వచ్చేసరికి దిబ్బ ఉన్న చోట నీళ్లు నిలిచిన గుంత ఉంది. వాళ్లు టీ తాగి జీపెక్కారు.

సారు ఏమీ అనలేదు. తర్వాత సారూ నేనూ అహోబిలం బస్సులో ఎన్నోసార్లు పోయాం. మా చేను కుడివైపు వస్తుంది. ఆయన ఎడమ కిటికీ దగ్గరే కూర్చునేవారు. ఒకసారి కుడివైపు సీటు చూపిస్తే, "వద్దులేప్పా, నిలబడతా" అన్నారు. నిలబడి, కళ్లు మూసుకున్నారు.

నంద్యాలలో చర్చి వెనక సమాధుల తోటలో ఆయన్ని దించాక, అందరం తలా పిడికెడు మట్టి వేస్తున్నాం. మా అన్న పక్కకొచ్చాడు.

"దేవుడట్లాంటి మనిషిరా. ఒగ మాటన్నా అన్లేదు నన్ను. ఎప్పుడో మన్నించినాడు."

"నీకు చెప్పినాడా మన్నించినానని?"

"చెప్పల్లా యేంది? అన్లేదంటే అంతే గదా."

మట్టి తోలిన సంగతైతే నేను ఈపాటికి మరిచిపోయేవాణ్ణేమో. ఆ మౌనాన్ని తన ఖాతాలో వేసుకున్నాడే, అది మరవలేను.

మా అన్న వంగి సమాధి పక్కన పోసిన మట్టి తీసుకున్నాడు. గుంతలో వేయలేదు. రైతు అలవాటు, బొటనవేలితో నలిపి చూశాడు. "మంచి మన్ను" అన్నాడు, తనలో తనే. అప్పుడు వదిలాడు. ఆ వేళ్ల సందుల్లోంచి మట్టి సారు మీద రాలడం ఇంకా కళ్ల ముందే ఉంది. నేను ఈ రోజుకీ తప్పు పట్టేది ఆ చేతులనే, మా అన్ననే.