జేబులో వేరుశనగ తొక్క

స్కూలు బస్సు నడిపే వెర్నాకి ముప్పయ్యేళ్లుగా ప్రతి శనివారం కార్ల రేసు మైదానంలో, ప్రేక్షకుల మూడో వరసే చోటు. కార్లు మలుపు తిరిగినప్పుడల్లా తనూ ఎడమకి ఒరిగిపోతుంది. ఈసారి మెకానిక్ హోయిట్ పిలిస్తే మొదటిసారి లోపలికి, కార్లు సిద్ధం చేసేచోటికి వచ్చింది. తన అభిమాన నలభై ఒకటో నంబరు కారుని దేవుడి పటాన్ని తాకినట్టు తాకింది. చెమట తుడుచుకుందామని జేబులో చెయ్యి పెడితే వేరుశనగ తొక్క తగిలింది. కార్లు సిద్ధం చేసేచోటికి వేరుశనగ తొక్క వస్తే ఆ కారు వెళ్లి గోడని గుద్దుతుందని ఇక్కడ పుట్టినవాళ్లందరికీ తెలుసు. ఇక్కడ కింద పడేసినా కీడే.

"ఏంటి మిస్ వెర్నా, మొహం అలా పాలిపోయింది? ఈ ఇంజన్ల చప్పుడుకి భయమేసిందా, మీ బస్సుకి ఇంత ఉండదా?" అని నవ్వాడు హోయిట్.

"నోరు మూసుకుని నీ బోల్టులు చూస్కో!"

అతను అటు తిరగగానే తొక్కని నమిలి మింగేసింది. కారు గర్జిస్తూ వెళ్లి మొదటి మలుపు తిరిగింది. వెర్నా ఒరగలేదు, ఊపిరి కూడా తీసుకోలేదు.