ప్రసాదం పంచిన చెయ్యి

వీరవేణికి అనుమానం పుట్టుకతో వచ్చింది. ఉప్పాడలో చేపలమ్మే వాళ్లమ్మ, సొంత అన్న తెచ్చిన చేపనైనా మొప్ప ఎత్తి చూడనిదే తట్టలో వేసుకునేది కాదు. కూతురు కాకినాడ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సయ్యాక మనుషుల్ని అలా చూడడం మొదలుపెట్టింది. ట్రైనింగుకొచ్చే పిల్లలకు ఆమె చెప్పే మొదటి పాఠం, "పేషెంటు చెప్పేది వినండి, నమ్మకండి" అని.

ఆ అనుమానం కొందరిని కాపాడిన మాటా నిజమే. ఆపరేషన్‌కు ముందు చాటుగా ఇడ్లీ తిన్నవాళ్లనూ, మాత్రలు కిటికీలోంచి పారేసినవాళ్లనూ ఇట్టే పట్టేసేది. అందుకే, కాలిపుండుతో చేరిన కోనసీమ పురోహితుడు భాస్కరంగారికి పరగడుపున షుగరు మూడువందల డెబ్బై చూపించేసరికి, ఆమె చూపు తిన్నగా ఆయన భార్య మాణిక్యాంబగారి సంచీ మీదికి పోయింది.

"రాత్రి ఏం పెట్టారండి మామ్మగారూ?"

"రెండు పుల్కాలమ్మా. అంతే."

నమ్మేదెవరు! డాక్టరు రాసిన ప్రకారం ఎక్కువ ఇన్సులిన్ పొడిచేసింది. కాసేపయ్యాక అటు వస్తే భాస్కరంగారు చెమటలు కక్కుతూ వణుకుతున్నారు. మాణిక్యాంబగారు ఆయన నోట్లో పటికబెల్లం పెడుతున్నారు. వీరవేణికి ఒళ్లు మండిపోయింది.

"దొరికారా!" అంది వార్డంతా వినబడేలా.

"కళ్లు తిరుగుతున్నాయన్నారమ్మా, అందుకని..."

ఆవిడను మాట పూర్తి చెయ్యనివ్వలేదు. చెమటా వణుకూ షుగరు పడిపోయిందనడానికి గుర్తులని పిల్లలకు పాఠం చెప్పే మనిషే, వాటిని దొంగతనం బయటపడ్డ కంగారనుకుంది. పరీక్షయినా చెయ్యలేదు. మొండి అనుమానం మనిషిని అంత గుడ్డిదాన్ని చేస్తుంది మరి.

మర్నాడు పొద్దున్న మూడువందల తొంభై. తన మాటే నెగ్గిందని లోపల సంతోషం కూడా వేసింది. సిరంజిలో మందు ఎక్కించుకుని మంచం దగ్గరికొచ్చింది. భాస్కరంగారు రోజూ లేస్తూనే జపం చేసుకుని, పక్క మంచాలవాళ్లకు పటికబెల్లం పంచి, ఆ తర్వాతే పరీక్షకు చెయ్యి చాపుతారు.

"నీకు ప్రసాదం ఇవ్వలేదు తల్లీ," అంటూ ఓ పలుకు ఆమె అరచేతిలో పెట్టారు. ఆయన వేళ్లు జిగటగా తగిలాయి.

వీరవేణి ఆ వేళ్లకేసి చూస్తూ నిలబడిపోయింది. ఇందాక రక్తం తీసింది ఆ వేలి నుంచే. తడి దూదితో పైపైన అద్ది గుచ్చేసింది.

"తాతగారూ, మీరూ తింటారా ఇది?"

"నాకెందుకమ్మా? దేవుడికి పెట్టి నలుగురికీ పంచడమే."

సబ్బుతో చెయ్యి కడిగించి, ఆరబెట్టి, మళ్లీ గుచ్చింది. నూట నాలుగు. రెండు రోజులూ అంత ఎక్కువ చూపించింది వేలికంటిన పటికబెల్లం తీపే. మందు ఎక్కించిన సిరంజిని పక్కన పెట్టేసింది. నిన్న పొడిచింది ఈ మందే. నిన్న ఆయన్ని బతికించింది తాను తిట్టిపోసిన ఆ పటికబెల్లం ముక్క.

జరిగింది దాచకుండా డాక్టరుకు చెప్పేసింది. "తప్పు నాదేనండి మామ్మగారూ," అని వార్డులో అందరి ఎదుటా చేతులు జోడించింది.

సాయంత్రం, డాక్టరు తగ్గించి రాసిన మందుతో మళ్లీ వచ్చింది. మాణిక్యాంబగారు లేచి మంచానికి అడ్డంగా నిలబడ్డారు.

"ఉండమ్మా. ముందు ఆయన చెయ్యి నేను కడుగుతాను. నా కళ్లముందు షుగరు చూడు. ఆ తర్వాతే సూది."

వీరవేణి వెళ్లి సబ్బూ నీళ్లూ తెచ్చి ఆవిడకిచ్చింది.